పాప్‌కార్న్ మిగిల్చిన సినిమా

మ్యాట్నీ అయిపోయినా పత్రికలో సినిమా కాలమ్ రాసే పెద్దాయన హాల్లోనే కూర్చున్నాడు. ఊడ్చే ఆమె ఆయన వరుస దాకా వచ్చింది.

“ఇంకా లేవలేదేం సార్?”

“ఈ ఏడు ఉత్తమ చిత్రం అవార్డు దేనికొస్తుందో రాత్రిలోగా రాసివ్వాలమ్మా. రెండేళ్లుగా నా అంచనా తప్పుతోంది. ఈసారీ తప్పితే కాలమ్ తీసేస్తారు. అందరూ ఆ యుద్ధం సినిమాకే అంటున్నారు.”

“దానికి పాప్‌కార్న్ డబ్బాలు అడుగుదాకా ఖాళీ చేసిపోయారు. ఇప్పుడాడిన ఈ నర్సు సినిమాకి చూడండి, సగం అలాగే వదిలేశారు. వారం నుంచీ ఇంతే. తినడం మరిచిపోతున్నారు.”

“నేనూ మరిచిపోయాను. ఎంత బాగా తీశారో. కానీ చిన్న సినిమా, గెలవదేమో.”

“గెలవకపోతే, మంచి సినిమా పేరు రాసి కాలమ్ పోగొట్టుకున్నారంటారు. అదేం చెడ్డపేరు కాదుగా సార్.”

“పెన్ను కుర్చీ కింద పడినట్టుంది, కాస్త చూడమ్మా.”