ఫిజీకి ఇంకో టికెట్

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ట్రావెల్స్ ఆఫీసు ముందు కారు ఆగి ఉంది. లోపల మేడం ఫిజీ దీవుల బొమ్మలు తిరగేస్తోంది. కారులో మేడం ఇంటి డ్రైవరు, పనిమనిషి. అతనిది కడప, ఆమెది ఉప్పాడ. ఆమె చేతిసంచీ జిప్పు తీస్తోంది, వేస్తోంది, మళ్ళీ తీస్తోంది.

"నీకూ టికెట్ తీస్తాండారంట గదా, అక్కా?"

"ఆ మాటెత్తకు తమ్ముడూ. వచ్చే నెల లీవిచ్చి ఇంటికి పంపుతానంది. ఇప్పుడేమో అదే నెల్లో ఫిజీ అంట, సముద్రంలో వాళ్ళ పిల్లోణ్ణి చూసుకోడానికి నువ్వుండాలంటోంది."

"నీకు ఈత వస్తాదని ఎవరు చెప్పినారు?"

"నేనే. మాది సముద్రం ఒడ్డు, ఈత రాకపోవడమేంటని గొప్పలు పోయాను."

"వస్తాదా మరి?"

"ఎక్కడొచ్చు! వేటకెళ్ళేది మగోళ్ళు. మేం ఒడ్డున చేపలేరి బుట్టలకెత్తుకోడమే. మోకాళ్ళు దాటి ఎప్పుడన్నా దిగితేగా!"

"ఇంకేమక్కా, పోయి ఆ మాటే చెప్పు. ఈత రానిదాన్ని ఎవరు తీసకపోతారు? నీ లీవు నీకొస్తాది."

ఆమె సంచీ సీట్లో పడేసి లోపలికి పరుగెత్తింది. కాసేపటికి వచ్చి కారు తలుపు వేసుకుంది. సరిగ్గా పడలేదు. మళ్ళీ వేసింది.

"చెప్పినావా?"

"చెప్పాను."

"కోప్పడిందా?"

"లేదు, నవ్వింది. అక్కడ హోటల్లో నేర్పేవాళ్ళుంటారంట. నా పేరు కూడా రాయించేసింది."

"మరి లీవు?"

"వచ్చే ఏడు చూద్దామంది."

ఆమె సంచీ ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ జిప్పు తీసింది.

"నేనిక్కడికొచ్చేటప్పటికి మా పాప పాకుతుండేది, తమ్ముడూ. దానికి నడక నేర్పడానికి లేకపోయాను. ఇప్పుడు నాకు ఈత నేర్పిస్తారంట."