మీ నాన్న ముప్పై రోజులు

సాక్ష్యమా? నేనా? మీ నాన్న జ్ఞాపకార్థ కూడికలో నన్ను మాట్లాడమంటావేంటి నవోమీ? ముందు రోడ్డు చూసి నడుపు. "ఆంటీ మా డాడీ కోసం నలభై రోజులు ఉపవాసం ఉంది" అని అందరికీ చెప్తున్నావంట. ఉన్నాలే. అదే కదా కొంప ముంచింది.

నీకప్పుడు నాలుగేళ్లు. తనని పనికి పంపిన కన్సల్టెన్సీ కంపెనీని వదిలేసి మీ నాన్న కృపావరం ఇక్కడ బెంటన్‌విల్‌లో క్లయింట్ దగ్గరే జాబ్‌లో చేరాడు. వాళ్లు ఊరుకుంటారా, చికాగోలో కేసేశారు. కేసు తేలేదాకా ఆ జాబ్ చెయ్యకూడదని అక్కడి జడ్జి ఆర్డరిచ్చాడు. ఇచ్చిన వారానికే కేసుని ఈ ఆర్కన్సా కోర్టుకి మార్చారు. ఇంక ఆ ఆర్డర్ మీద అప్పీలు ఎటెయ్యాలని చర్చిలో ఒకటే గోల. మన చర్చి షాలేం రాజుకి తెలీనిదేముంది, బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకునే తీర్పులిచ్చేవాడు, "ఆర్డరిచ్చింది చికాగో, అప్పీలూ చికాగో పైకోర్టుకే!" అని. మీ నాన్న కేసు చూస్తున్న లాయరు పిల్ల దేదీప్య మాత్రం, "కాదంకుల్, ఫైలు ఇటొచ్చేసింది, ఇటువైపు పైకోర్టే వింటుంది. కానీ డేట్ మారదు. ఆర్డరిచ్చిన రోజు నుంచి ముప్పై రోజులే" అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

మీ నాన్న అప్పీలు కాయితం మీద సంతకం పెట్టబోతుంటే ఆపిందెవరనుకున్నావ్? నేనే. మా ఆయన పొలం కేసు గుడివాడ నుంచి బందరు మారినప్పుడు మళ్లీ నోటీసు, మళ్లీ కొత్త వాయిదా. కోర్టంటే ఎక్కడైనా కోర్టే అనుకున్నా. ఏడో క్లాసు చదువాయె. "తమ్ముడూ, కేసు ఊరు మారింది, కొత్త కాయితం వస్తది. దేవుడికి మాటిచ్చాం, నలభయ్యో రోజు ప్రార్థన ముగించి సంతకం పెట్టు" అన్నా. "సరే అక్కా" అన్నాడు పిచ్చోడు. అలాగే పెట్టాడు. గడువు దాటిందని పైకోర్టు కొట్టేసింది. జాబ్ పోతే వీసా కూడా పోయినట్టేగా, మిమ్మల్ని తీసుకుని ఏలూరు వెళ్లిపోయాడు, నువ్వు చదువుకని మళ్లీ ఇటొచ్చావ్ గానీ. మూడేళ్లకి పోయాడు. వెళ్లే రోజు ఎయిర్‌పోర్టులో కూడా నన్నొక్క మాటన్లేదు.

అది కాదే నేను సిగ్గుపడేది. ఎందుకు లేటయిందని చర్చిలో అడిగితే, "ఆ లాయరు పిల్ల సరిగ్గా చెప్పలేదు" అన్నా. నిండు చర్చిలో. ఆ పిల్ల మీ నాన్న ఫైలు తిరిగివ్వడానికొచ్చి నా వెనకే నించుంది. కేసు ఇచ్చినోళ్ల సంగతులు బయటపెట్టకూడదంట లాయర్లు. నా వంక చూసి, ఫైలు కుర్చీలో పెట్టి పోయింది. తర్వాత మన చర్చి వాళ్లెవరూ ఆ పిల్ల దగ్గరికి పోలేదు. నేనూ నోరిప్పలేదు, పద్నాలుగేళ్లు.

ఏంటీ? ఇవాళ ఆ పిల్లని కూడా పిలిచావా?

అయితే ఇదంతా ఆ పిల్ల ముందే చెప్పాలా?

అదిగో, చర్చికి తిరగాల్సిన చోటు దాటేశావ్.