మల్లెమొగ్గల్లో పడిన పన్ను

"తెల్లతెల్లాని మొగ్గ, తెల్లారి మొగ్గ,
తోటలో తాతమ్మ తడిపిన మొగ్గ,
తట్టకెత్తే తలికీ... తట్టకెత్తే తలికీ..."

ఆ పైన ఏందో మరిచిపోయినా పాపా. మా గౌరక్కకైతే మొత్తం వచ్చు. చిన్నప్పుడు తోటలో పూలు కోసేటప్పుడు ఆయమ్మ ముందు పాడేది, మేము వెనక అందుకునేది. చూసినావా, అన్నీ 'త' లే. నాలుక పోయి ముందర పండ్లకు తగిల్తే గానీ పలకని పాట. పోయినేడు నేను పాడింటే నీకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు, ఉత్త గాలి వచ్చేది.

ఏమడిగితివి? ఇందులో ఏవి పెట్టుడు పండ్లు అనా? నువ్వే చెప్పు చూద్దాం. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా చూడు. ఊహూ, అది నాదే. అది గూడా నాదే. వదిలేయిలే, నీకు దొరకదు.

నువ్వు మొన్నే కదా మా పక్క రూములో దిగింది, నీకు మా అక్క సంగతి తెలీదు. మొదటినుంచీ చెప్తా, డ్యూటీకి టైముండాదా? ఉంటే కూర్చో.

ఈ హెబ్బగోడి బస్టాపు కాడ నేను ముప్పై ఏండ్లు, కాదు, ఇంకా ఎక్కువే, మా పెద్దోడు ఒకటో క్లాసులో ఉన్నప్పుడు బుట్ట పెట్టుకోని కూర్చున్నా. అప్పుడు మూర మల్లె పావలా అంటే గూడా బేరం చేసేవాళ్ళప్పా. పూలు కట్టేదానికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా. ఎడం చేతి వేళ్ళ మధ్య మొగ్గలు, కుడి చేతిలో దారం. మూర అయినంక తెంపాలంటే ఇంకేముండాది, నోరే. ముందర పండ్ల నడుమ పెట్టి టక్కుమని కొరికేది. మొదట్లో అరటి నార, అది తడిపితే మెత్తగా తెగేది. తర్వాత నూలు దారం వచ్చె. ఇప్పుడు ఈ నైలాను. అది తెగదు, పన్నునే కోస్తాది. గౌరక్క చూసినప్పుడల్లా తిట్టేది. "మే రత్నీ, ఒక కత్తెర కొనుక్కోమే, నీకు పండ్లేమన్నా ఊరికే వచ్చినాయా" అని. నేను వింటినా. పైన ముందర పన్ను చీలిపాయ, దాని పక్కది కదిలిపాయ. రెండూ పీకించాల్సి వచ్చె.

అక్క అత్తిబెలెలో ఉండాది, కొడుకు దగ్గర. మా ఇంట్లో చదివింది ఆయమ్మ ఒక్కతే, అయిదో క్లాసు. నేను మేకలెంబడి తిరిగినదాన్ని. షుగరొచ్చి అక్కకు కండ్లు మసకైనాయి. అప్పుడు, ఇంకా పూర్తిగా పోకముందే, నన్ను కూర్చోబెట్టి చింతగింజలు పేర్చి అక్షరాలు నేర్పించింది. "నాకు కనపడే లోపల నువ్వు నేర్చుకోవాల. తర్వాత నాకు చదివి పెట్టేదెవురు?" అని. అరవై ఏండ్లకు నేను అ ఆలు దిద్దినా. మా కోడలు ఊరికే నవ్వుకునేది. మొదటిసారి ఒక కథ కడదాకా చదివిన రోజు, నమ్ముతావో లేదో, పూలబుట్ట బస్సులోనే మరిచిపోయి దిగినా.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి అక్కకు చదివేది. పాత పుస్తకాలాయన ఒక నవల ఇచ్చినాడు, అట్ట లేదు, ముందర పేజీలు గూడా లేవు, దాని పేరేందో మాకు ఇప్పటికీ తెలీదు. అయినా ఎంత బాగుండాది తెలుసా.

పండ్లు పోయినంక చదివేది కష్టమాయె. మామూలు మాటలు సాగిపోతాయి. తిన్నావా, పండుకున్నావా, అంతే కదా. పుస్తకంలో మాటలు పొడుగు. స అంటే బుస్సుమంటాది, ద అంటే జారిపోతాది. ఇంకోటి, అక్క కోడలు, పక్కింటోళ్ళు వస్తాపోతా ఉంటారని సిగ్గేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని చదివేది నేను. అక్కకు కనపడదు కదా. "ఏందీ? ఇంకోసారి" అనేది. నేను ఫ్యాను చప్పుడనేదాన్ని, వాన అనేదాన్ని. పండ్లు పోయినాయని చెప్పలే. ముప్పై ఏండ్లు చెప్పిన మాట విన్లేదు కదా, ఏ మొహం పెట్టుకోని చెప్పేది?

పండ్లు పీకింది ఒక చిన్న డాక్టరమ్మ, కన్నడామె, తెలుగు స్వల్ప స్వల్ప వచ్చు. నా కింది పన్ను మీద చిన్న గాటుండాది, అది చూసి, "అజ్జీ, నువ్వు బట్టలు కుట్టేదా, పూలు కట్టేదా?" అనింది. నేను బిత్తరపోయినా. నాలుగక్షరాలు వచ్చినాయని నేను పొంగిపోతాంటి, ఈయమ్మ నా పన్ను చదివేసిందే అనుకున్నా. అయిదారు నెలలైనంక మళ్ళీ పోతే ఆమె చెప్పింది, తీసి పెట్టుకునే సెట్టు ఒకటుండాది, లేదంటే బ్రిడ్జి కట్టొచ్చు అని. సెట్టంటే నాకు భయం. మా అత్త రాత్రుళ్ళు లోటా నీళ్ళలో వేసి పెట్టేది, తెల్లారి నేను చూసుకోక ఆ నీళ్ళు పారబోస్తినని ఎంత గలాటా. మరి బ్రిడ్జి అంటే ఏందమ్మా అన్నా. పోయిన పండ్లకు అటొకటి ఇటొకటి ఉండే పండ్లను చుట్టూ అరగదీసి, వాటి మీద తొడుగు వేసి, నడుమ రెండు కొత్తవి వేలాడేట్ల అన్నీ ఒకటే కట్టుగా చేస్తారంట. "గట్టిగా ఉండే నా పండ్లను అరగదీసేదా? అవేం పాపం చేసినాయి?" అని లేచి వచ్చేస్తిని.

ఆ ఆదివారమే. రెండు పేజీలు చదివింటా. అక్క చెయ్యెత్తి ఆపింది. "చాలు మే. కండ్లు పొయినాయి, ఇప్పుడు చెవులూ పోతాండాయి. నీ గొంతు వినపడతాది, మాట తెలీడంల్యా. ఆ పుస్తకం ఎవురికన్నా ఇచ్చేయి" అని గోడ పక్క తిరిగి పండుకునింది. ఒక్క మాట, నా నోట్లో పండ్లు లేవక్కా అనింటే అయిపోయేది. అన్లేకపోయినా పాపా. ఆయమ్మ చెవిటిదాన్నయితినని ఏడుస్తాంటే చూస్తా కూర్చున్నా. బస్సులో వస్తా వస్తా అనుకున్నా, ఇంకో రెండు పండ్లు అరిగితే అరగనీ అని.

మళ్ళీ డాక్టరమ్మ కాడికే పోయినా. సూది వేసినంక నా మూతి నాదే కాదు. గుర్రుగుర్రుమని అరగదీసింది. తర్వాత ఒబ్బట్టు పిండి మాదిరి ముద్ద పెట్టి కొరకమని అచ్చు తీసింది. అప్పుడొక అట్ట తెచ్చింది చూడు, దాని నిండా పండ్లే, పదహారు రకాల తెలుపులు. బళేపేటలో గాజులాయన చీర పక్కన ఒక్కో గాజూ పెట్టి చూడడా, అట్ల నా పన్ను పక్కన ఒక్కోటీ పెట్టి చూస్తాంది. నేను అన్నిట్లోకీ తెల్లగా ఉండేది చూపిస్తి. ఆయమ్మ నవ్వి, "అది నీ మనవరాలికి. నీకు నీ వక్కాకుకు తగినట్ల ఉండాల అజ్జీ" అనింది.

అసలువి చేసొచ్చేదానికి వారం. అంతవరకూ ఉండనీ అని ఉత్తుత్తి పండ్లు అతికించింది. వేరుశనక్కాయలు వద్దు, మురుకులు వద్దు, చెరుకు వద్దు అనింది. అన్నీ పాటిస్తిని. మూడో రోజు శుక్రవారం, ఆడోళ్ళు చుట్టూ నిలబడుకోని తొందర పెడతాండారు. మూర కట్టినా, అలవాటుగా నోట్లో పెట్టి టక్కుమనిస్తి. పండ్లు ఎగిరిపోయి మల్లెమొగ్గల కుప్పలో పడినాయి.

నవ్వద్దు. నవ్వులే, వాళ్ళూ నవ్వినారు. తెల్లటి మొగ్గల్లో తెల్లటి పండ్లు యాడని వెతికేది? ఒకామె, "ఏం పోయిందజ్జీ, కమ్మలా?" అనింది. పండ్లమ్మా అంటే నలుగురూ కూర్చోని మొగ్గా మొగ్గా ఏరినారు. బస్సు గూడా వదులుకునింది ఒకామె. నేను కండ్లతో చూసేది మాని కుప్పలోకి చెయ్యి పెట్టినా. అన్నీ చల్లగా మెత్తగా ఉండాయి, ఒకటి మాత్రం గట్టిగా తగిలె.

కడిగి చేతి గుడ్డలో కట్టుకోని పోతే, డాక్టరమ్మ ఎంతసేపు నవ్విందో. "తినగూడనివన్నీ చెప్పినా, దారం చెప్పలేదు, తప్పు నాదే" అనింది. మళ్ళీ అతికించి, "కత్తెర తెచ్చి చూపిస్తేనే అసలువి పెడతా" అనింది. ఇదో, మెడలో దారానికి కట్టుకున్నా చూడు.

అసలువి పెట్టిన రోజు అద్దం ఇచ్చింది. ఏమని చెప్పేది. యాడనో ఒక మనిషి, నన్ను ఎప్పుడూ చూడలే, పేరు తెలీదు, నా నోరెట్లుంటాదో అచ్చు చూసి తెలుసుకోని, బట్టీలో కాల్చి చేసినాడంట. మరీ తెల్లగా లేవు. చిగురు దగ్గర కొంచెం పసుపు, ఒక పక్క సన్నటి గీత గూడా పెట్టినాడు, పాత పన్నుకు ఉంటాది చూడు, అట్లాంటిది. పెట్టినట్ల తెలీగూడదని ఇంత పనితనం చూపేవాళ్ళు ఉంటారా అని అక్కడే కూర్చుండిపోతి. త అన్నా. ద అన్నా. డాక్టరమ్మ అనింది, ఇంకా అనజ్జీ, అని.

ఆదివారం పోయినా. అక్క, వద్దులే అనింది. నేను కొంగు తీసి పక్కన పెట్టి, నిలిపిన చోటినుంచి అందుకున్నా. ఒక పేజీ అయింది, రెండో పేజీ అయింది. అక్క గోడ పక్కనుంచి మెల్లగా ఇట్ల తిరిగింది. "మే రత్నీ, నా చెవులు బాగైనాయి మే" అని లేచి కూర్చునింది. ఆ మొహం చూస్తే, అట్లే అనుకోనీలే అనిపించింది. ఒక్క నిమిషం అనిపించింది, నీకు అబద్ధం చెప్పేదెందుకు. తర్వాత పుస్తకం మూసి చెప్పేసినా, పండ్లు పోయింది, కొంగు అడ్డం పెట్టింది, అన్నీ.

అక్క, "ఎన్నాళ్ళు?" అనింది. ఆరు నెలలక్కా అన్నా. "ఆరు నెలలు నన్ను చెవిటిదాన్ని చేస్తివే" అనింది. కోపంతోనే అనింది. చెయ్యి చాపి నా మొహం తడిమి, నోరు తెరమనింది. వేలితో ఒక్కో పన్నూ తడుముతా పోయింది, ఆ చివరినుంచి ఈ చివరికి, మళ్ళీ వెనక్కి. ఏవి కొత్తవో ఆ వేలికీ దొరకలే. వేలు తీసి కొంగుకు తుడుచుకునింది. అప్పుడనింది,

"ఇంక మీదట ఏది పోయినా నాకు ముందు చెప్పాల. ఊ, చదువు."