తలుపెనక కవర్ల సంచి

అసిరమ్మని ఒకావిడుండేదంట. ఇంటికి ఏ కవరొచ్చినా పారెయ్యదనుకో. ఉప్పుదైనా, చీరల కొట్టుదైనా, దులిపి తలుపెనక ఏలాడే పెద్ద సంచిలో కుక్కేసేదంట. మొగుడు రామినాయుడు, "ఏటే, సచ్చిపోతే నిన్ను కవర్లు కప్పి మోసికెళ్ళాలేటే?" అంటే, "కప్పండి, వానొచ్చినా తడవను" అనేదంట. మీరు నవ్వుతున్నారు గానీ, మీ తలుపులెనక ఏటున్నాదో నాకు తెల్దేటి?

సరే, ఏటైందంటే, మనవరాలు పైడమ్మకి సమ్మందం కుదిరింది. పిల్లా పిల్లోడూ ఇష్టపడ్డారు, ఇంక పెద్దాయన మాటిచ్చి తాంబూలం అందుకోడమే. పెద్దాయనంటే మన రామినాయుడే. ఆయనవి కట్టుడు పళ్ళు. పిల్లి ఎత్తుకుపోతాదని, పడుకునే ముందు వాటిని కవర్లో ముడేసి మంచంకోడుకి తగిలించాడంట. తెల్లారి అసిరమ్మ ఇల్లూడుస్తా ఆ కవరు చూసింది. ఊరుకుంటాదా? చుట్టాలొచ్చేస్తారని ఆత్రం, లోపలేటున్నాదో చూడకుండానే సంచిలో కుక్కేసింది.

చుట్టాలొచ్చారు. పిల్లోడి నాయనమ్మ కన్నమ్మ, "మీ మాట సెప్పండి అన్నయ్యగారూ" అందంట. పళ్ళ కవరు కనపడక, అన్నయ్యగారు బోసినోటికి తువ్వాలడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తాడంట. మళ్ళీ అడిగింది, మళ్ళీ గోడే. వీళ్ళకిష్టం లేదు కాబోలు, పదండని కన్నమ్మ లేచి నిలబడింది. పైడమ్మకి కళ్ళనీళ్ళొచ్చేశాయి. అప్పుడు తట్టింది అసిరమ్మకి, పొద్దున్నటి కవరు. సంచి తీస్తే చుట్టాల ముందు నవ్వులపాలు, తియ్యకపోతే పిల్ల పెళ్ళి పోతాది. ఇంకేటి చేస్తాది, "ఒదినా, మా ఆయన మాట ఇందులో ఉండిపోనాది, ఎతుకుదాం కూకో" అని సంచి నట్టింట్లో కుమ్మరించేసిందంట.

నాలుగొందల కవర్లకి ఒక్కటి తక్కువ కాదు. కన్నమ్మ నవ్విందనుకున్నారా? నవ్వలేదు. కూకుని, ఒక్కో కవరూ తడిమి, దులిపి, మూల మీద మూల మడిచి, సమోసాలాగ చేసి పక్కనెట్టింది. "ఇలాగ మడిస్తే నీ సంచిలో ఎయ్యి పడతాయి ఒదినా" అందంట. అసిరమ్మకి కడుపు నిండిపోనాది. మూడొందల పదిహేడో కవర్లో దొరికాయి పళ్ళు. రామినాయుడు కడుక్కుని పెట్టుకుని, "మాకిష్టమే" అన్నాడు. "ఇంతసేపు ఎతికితే ఒక్క ముక్కేనా?" అందంట అసిరమ్మ.

పెళ్ళికొచ్చిన బట్టలన్నీ కవర్లలోనే కదా వస్తాయి. రెండొందల పదమూడు తేలాయి. ఒదినలిద్దరూ చెరో నూట ఆరు పంచుకున్నారు. మిగిలిన ఒక్కదాని కోసం పోట్లాటెందుకని నేనే తెచ్చేసుకున్నాను. మా తలుపెనకే ఉంది, కావాలంటే చూసుకోండి.