కల్లు కాంపౌండ్ గేటు కాడ సున్నం గీత

"అమ్మమ్మా, ఆటకు ముందు మొగోళ్లు తాగే కాడికి పిల్లల్ని తోల్కపోవచ్చునా? నువ్వే చెప్పు. నేను వద్దన్న, ఆయన ఏమైతదన్నడు. రెండు దినాల సంది మా ఇంట్ల మాటల్లేవు."

కూసో స్రవంతీ, ముందుగాల కూసో. ఆ ఫ్యాను కిందికి జరుగు. సూర్యాపేట నుంచి బస్సుల నిలబడి వచ్చినవా ఏంది, మొఖమంత వాడిపోయింది. చెప్త గానీ, ఒక్క మాట. నేను చెప్పేదాంట్ల ఆవగింజంత అబద్ధం ఉండది. నా రెండు కండ్ల తోడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, అది లెక్కకు రాదంటే రెండో కంటి తోడు. మీ అమ్మ లోపల చాయ్ పెడుతున్నది, చేతులు స్టవ్ కాడ, చెవులు మన కాడ. నడుమ నడుమ "అబద్ధం" అని అరుస్తది, పట్టించుకోకు. ఆ దినం ఆమె నిద్రల ఉండె. ఆమెకేం తెలుసు?

ఏందీ, కోదాడల ఫుట్‌బాల్ ఆటనా? ఈ ఆదివారమా? గ్రౌండు పక్కకే వైన్ షాపు, దాని ఎనక కూసోని తాగే పర్మిట్ రూము. నవీన్ దోస్తులందరు ముందుగాల ఆడ కూడి, ఆనించి ఆటకు పోతరు. చిట్టిని గూడ ఎంబడి కూసోబెట్టుకుంటనంటడు మీ ఆయన. మంచోడే పాపం, పిల్లను ఇడిసి ఉండలేడు. మరి చిట్టి ఏమంటది? ఆట బూట్లు ఇప్పుతలేదా? వాటితోనే పండుకుంటున్నదా? అయ్యో నా తల్లి. ఒకటో తరగతికే గంత పంతం. మీ అమ్మమ్మ పోలికే, ఎవరిదనుకుంటున్నవ్.

మా కాలంల ఈ బాలు ఆట ఎక్కడిది బిడ్డ, కబడ్డీ. మీ తాత వేములపల్లి జట్టుల కూతకు పోయేటోడు. ఆయన కూత పెడితే త్రిపురారం కాలువ దాంక వినపడేది. కాలువల నీళ్లు ఆగి ఇనేటియి. నవ్వకు. సరే, ఆగకపోవచ్చు, జర మెల్లగ పోయేటియి.

ఆటలన్నీ ఈ మిర్యాలగూడలనే జరిగేటియి, ఒక బడి గ్రౌండుల. దాని పక్కకే కల్లు కాంపౌండ్. తాటాకు పందిరి, సుట్టూ తడికె, ఒక రేకు గేటు. ఆ గేటు కాడ నా గుడాల గంప. శనగలు, బొబ్బెర్లు ఉడకబెట్టి, ఎల్లిపాయ, ఎండు మిరపకాయ తాళింపేసి తెచ్చేదాన్ని. చారాణకు పొట్లం నిండ. ఇప్పుడు ఇరవై రూపాయలిస్తే గుప్పెడు ఇస్తున్నరు, అవి గుడాలా, గులకరాళ్లా తెలవదు. నా తాళింపు వాసనకు హైదరాబాద్ పోయే బస్సులు ఆగి, డ్రైవర్లు దిగి వచ్చేటోళ్లు.

ఇగ విను. ఆడేటోళ్లు, సూసేటోళ్లు అందరు ముందుగాల కాంపౌండ్‌లకు పోవాలె, అది ఆనవాయితీ. ప్రతి మొగోని ఎంబడి ఒక పిల్లనో పిలగాడో ఉండేది. ఎందుకనుకుంటున్నవ్? మొగోళ్లకు ప్రేమ పొంగి కాదు. ఆడోళ్లమే పంపేది. బిడ్డ చెయ్యి పట్టుకొని ఉంటే మొగడు రెండో లొట్టి కల్లు అడగడు, ఎవనితోని కొట్లాడడు, పొద్దుగూకేసరికి ఇంటికొస్తడు. పిల్ల అంటే మాకు చిన్న పోలీసు. మీ అమ్మ సుజాతకు అప్పుడు ఏడేండ్లు. ఆమెనైతే ఎస్సై లెక్క తయారుచేసి పంపేదాన్ని. నువ్వు గేటు కాడనే ఉన్నవు గదా అంటవా? గేటు కాడ ఉంటే తడికె అవతల ఏమైతున్నదో నాకెట్ల తెలుస్తది? లోపల నాకు మీ అమ్మే కండ్లు.

మరి పిల్లలు లోపల ఏం తాగేటోళ్లంటే, దానికో పద్ధతి ఉండె. కల్లు గీసే నర్సయ్య అని, బంగారమసొంటి మనిషి. తెల్లారకముందే చెట్టెక్కి, కడిగిన కొత్త లొట్టిల దింపిన తీపి కల్లు పిల్లల కోసమని వేరే పెట్టేటోడు. కొబ్బరి నీళ్ల లెక్క ఉంటది, మత్తుండది. గానీ పొద్దుగాలనే తాగాలె. ఎండ తగిలిందంటే అది పులుస్తది, పులిస్తే అందరు తాగే కల్లే. ఆ లొట్టి మెడకు గుర్తుకని ఎర్ర గుడ్డ కట్టేటోడు. ఎర్ర గుడ్డ లొట్టి పిల్లలది, దాన్ని పెద్దోడు ముట్టొద్దు. ఆటలు చల్లపొద్దుకే షురువయ్యేటియి గనుక ఎన్నడు ఏం కాలే.

ఆ ఏడు ఫైనల్ వేములపల్లికి, త్రిపురారానికి పడ్డది. ఏడాది సంది మీ తాత దానికోసమే బతికిండు. బర్రె ఎదురొస్తే బర్రె మీదికే కూతకు పోయేటోడు. పొద్దుగాలనే ఆట అన్నరు. కప్పు ఇయ్యనీకి ఒక లీడరు రావాలె గదా, ఆయన రాలే. మైకుల "బయలుదేరిన్రు, దగ్గరికొచ్చిన్రు, వస్తనే ఉన్నరు" అనుకుంటనే పొద్దు నడినెత్తికొచ్చింది. నా వెంట్రుకలు ఆ దినమే తెల్లబడ్డయి, అంతకుముందు నల్లగ నిగనిగలాడేటియి.

ఎండల పిల్లలకు దూపయింది. ఎర్ర గుడ్డ లొట్టి ఉన్నదాయె, ఎవరో ముంచి ఇచ్చిన్రు. పిల్లల లొట్టి పిల్లలకిచ్చుడు తప్పని ఎవనికి తోస్తది? పెద్దోళ్లందరికి ఎర్ర గుడ్డనే కనబడ్డది, లొట్టి మీద పొంగుతున్న నురుగు ఒక్కనికి కనబడలే. మిగిలిన పిల్లలు పులుపని ఊసేసిన్రు. మీ అమ్మకు పులుపంటే పానం. చింతకాయ చెట్టును చెట్టే తినేటట్టుండేది.

ఇగ సూడు నా తల్లి. బెంచి ఎక్కి నిలబడి జట్టోళ్లకు ఉపన్యాసమిచ్చింది. రావాల్సిన లీడరు గూడ గంత మంచిగ మాట్లాడలేడు. ఇన్నవా, లోపలకెల్లి "అబద్ధం" అన్నది. నేను చెప్పలేదా? ఉపన్యాసమయినంక నవ్వింది, నవ్వినంక ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి మీ తాత ఒళ్లె వాలి కండ్లు మూసింది. లేపితే లెవ్వలే. నీళ్లు సల్లితే లెవ్వలే.

అప్పుడే మైకుల పిలిచిన్రు, రెండు జట్లు గ్రౌండుల దిగాలె అని.

జర ఆ చెంబు ఇటియ్యి. గొంతు ఆరిపోతున్నది.

మీ తాత అంగి ఇప్పి, నడుముకు తువ్వాల బిగించి తయారుగ ఉన్నడు. జట్టోళ్లు రెక్క పట్టి గుంజుతున్నరు, పిల్లను దాని తల్లికియ్యి, పండుకొని అదే లేస్తది అంటున్నరు. నేను ఉరికొచ్చి చేతులు చాచిన. ఇయ్యలే. "నా చెయ్యి పట్టుకొని లోపలికొచ్చింది, నేనే తీస్కపోత" అన్నడు, గంతే. పిల్లను భుజాన ఏసుకొని, ఒంటి మీద అంగి లేకుంటనే దవాఖాన దాంక ఉరికిండు. గంప ఆడనే ఇడిసి ఎనక నేను. రైలు గేటు కాడ రైలొస్తున్నది, మీ తాతను సూసి రైలే ఆగింది.

దవాఖానల డాక్టరమ్మ మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నయి. మంచిగనే తిట్టింది. పిల్లను పక్కకు తిప్పి పండబెట్టి, ఊపిరి సూసుకుంట కూసోమన్నది. మీ తాత మంచం పక్కన నేల మీద కూసున్నడు. కిటికీలకెల్లి గ్రౌండు మైకు వినబడుతున్నది. ఇటు పాయింటు, అటు పాయింటు. మైకు మోగినప్పుడల్లా ఆయన కాలి బొటనవేలు నేల మీద ఇట్ల కదిలేది. చెయ్యి మాత్రం కదలలే, మీ అమ్మ వీపు మీదనే ఉన్నది. ఊపిరికి పైకి లేస్తున్నదా, కిందికి పడుతున్నదా, అదొక్కటే. గంత పెద్ద కూత పెట్టే మనిషి, ఆ పొద్దు తన ఊపిరి తాను బిగబట్టి కూసున్నడు బిడ్డ.

మనోళ్లు ఓడిన్రు. ఒక్క పాయింటుతోని. మైకుల చెప్తే ఇన్నడు, తల ఊపిండు, మళ్ల పిల్ల దిక్కే సూసిండు.

పొద్దు వాలినంక మీ అమ్మ కండ్లు తెరిసింది. "నాయినా, ఆట అయిపోయిందా?" అన్నది.

"లేదు బిడ్డ, ఇంక షురూ కాలే" అన్నడు.

మా ఇంట్ల అబద్ధాలు నేనొక్కదాన్నే చెప్తననుకుంటరు అందరు.

డాక్టరమ్మ ఇగ ఇంటికి పోవచ్చన్నంక, నిజంగనే గ్రౌండుకు తోల్కపోయిండు. ఒక్క మనిషి లేడు. జనం తిని పారేసిన పొట్లాలు, నేల మీద సున్నం గీతలు, గంతే. పిల్లను అవతలి దిక్కు నిలబెట్టి, మెల్లగ కూత పెట్టుకుంట పోయిండు. ఆమె ఉరికొచ్చి ఆయన కాలు కావలించుకున్నది. ఎంతమంది కలిసి పట్టినా దొరకని మనిషి, తాడిచెట్టు కూలినట్టు ఆ సున్నంల పడ్డడు. అది ఫైనలు. కప్పుకు బదులు గంప కాడి నా చెంబు ఇచ్చినం. మీ అమ్మ ఈనాటికి గూడ ఆ ఫైనల్ తానే గెలిచిననంటది. సూసినవా, ఇప్పుడు "అబద్ధం" అంటలేదు.

మళ్ల వారం కాంపౌండ్ ముంగట పెద్ద పంచాయతి. నర్సయ్య ఆ లొట్టిని తన చేతులతోనే పగలగొట్టి, ఎర్ర గుడ్డతోని కండ్లు తుడుసుకున్నడు. ఒకలు పిల్లల్ని ఇటు దిక్కే తేవద్దన్నరు. ఆడోళ్లేమో పిల్లల్ని ఎంబడి పంపకపోతే మొగోళ్లు ఇల్లు చేరరన్నరు. రెండూ నిజమే. నేను ఇన్న, ఇన్న, ఇగ లేసిన. గ్రౌండుకు పోసి మిగిలిన సున్నం డబ్బ ఆడనే ఉన్నది. రేకు గేటు కాడికెల్లి నా గంప దాంక తెల్లగ ఒక గీత పోసిన. పిల్లలు లోపలికి పోవద్దు, నా కాడ గోనె సంచి మీద కూసోవాలె. నాయినలు లోపలికి పోయి తాగుతరో, మాట్లాడుకుంటరో వాళ్లిష్టం. బయటికొచ్చినంక ఈ గీత మీద నడిసి వచ్చి బిడ్డను తీసుకోవాలె. కాలు తప్పితే బిడ్డనియ్యను. ఆట పోతే పోనీ.

నవ్విన్రు అందరు. అరుగు మీది ముసలోళ్లు గూడ నోట్ల పండ్లు ఊడిపడేటట్టు నవ్విన్రు. గానీ బయటికి రాంగనే కన్నబిడ్డ ఎదురుంగ కూసోని కాళ్ల దిక్కే సూస్తదని తెలిస్తే ఎవనికి తాగబుద్ధయితది చెప్పు. ముంతలు వాటంతట అవే చిన్నగయినయి. కాలు తప్పినోడు బోరింగు కింద తల పెట్టుకొని, నా కాడ రెండు పొట్లాలు తిని, నీడకు కూసోని మళ్ల నడిసేటోడు. నా బేరం దినదినం పెరిగింది, ఆ సంగతి గూడ చెప్పాలె గదా.

ఒకపారి మాడుగులపల్లి దిక్కు నుంచి ఒక పెద్ద రైతు బుల్లెట్ బండి మీద వచ్చిండు. బాగా తాగి బయటికొచ్చి, నాకు గీతేందని గీత పక్కకెల్లి నడిసి, కొడుకు రెక్క పట్టుకున్నడు. నేను నోరు తెరిసేలోపల ఆ పిలగాడు గోనె సంచి మీదికెల్లి లెవ్వకుంటనే తలెత్తిండు.

"అందరు నడిసిన్రు నాయినా. నువ్వు గూడ నడువు."

గంత మనిషి నిలబడిపోయిండు. వెనకకు పోయి, బోరింగు కాడ మొఖం కడుక్కొని, సాన్సేపు కూసున్నడు. ఆట సగం అయిపోయింది. అప్పుడు లేసి, చెప్పులు ఇడిసి, ఆ గీత మీద అడుగులో అడుగేసుకుంట వచ్చిండు. సగం దూరం ఉండంగనే పిలగాడు ఎదురురికి నడుముకు సుట్టుకున్నడు. నేను గూడ ఊకున్న, మిగిలిన సగం మాఫ్ చేసిన.

మీ తాతనా? ఆ దినం సంది ఆటకు ముందు ఒక్క చుక్క ముట్టలే. ఆట అయినంక సంగతి నన్నడగకు. గానీ గీత మీద మాత్రం కావాలని ఊగుకుంట, ఒంటి కాలు మీద కుంటుకుంట వచ్చేటోడు, మీ అమ్మ లేసి నడుము మీద చెయ్యి పెట్టి బెదిరించేదాంక. ఆ బెదిరింపు కోసమే వచ్చేటోడు ఆయన.

గిప్పుడు నీ సంగతి. పిల్ల ఆ పర్మిట్ రూముల అడుగు పెట్టొద్దు. ఆ మాట నవీన్‌కు నువ్వు చెప్పకు, నేను చెప్త, నా మాటకు ఎదురు చెప్పడు. ఆటకు మాత్రం చిట్టిని పంపు. నాయిన చెయ్యి పట్టుకొని గ్రౌండుల అడుగుపెట్టేది మళ్ల మళ్ల దొరకదు బిడ్డ. ఆమె ఒక్కతి పోతదా ఏంది, నేను పోత ఎంబడి. వైన్ షాపు బయట చిట్టి, నేను, ఒక గోనె సంచి. వాని దోస్తుల పిల్లల్ని గూడ తెమ్మను. మోకాళ్లంటవా? మొన్ననే యాదగిరిగుట్ట మెట్లన్నీ ఉరికి ఎక్కిన. మీ అమ్మను అడుగు. వద్దులే, అడగకు.

కండ్లు తుడుసుకో. సల్లగుండు, నీ ఇల్లు సల్లగుండాలె. ఫోన్ పక్కకు పెట్టి లెవ్వు. ఆ మూల మీది కిరాణం దుకాణానికి పోయి కిలో శనగలు తే, రాత్రికి నానబెట్టాలె. ఈ దినాలల్ల సున్నం యాడ దొరుకుతది, ముగ్గుపిండి తే. పెద్ద సంచే తే, చిన్నది సాలదు. మిగిలినోళ్లకు గీత జర వంకరగ పోస్త, మజా ఉంటది. నవీన్‌కు మాత్రం తిన్నగనే పోస్తలే. పో, దుకాణం మూస్తడు.