తొమ్మిదో నంబరు గొంతు

అద్దానికి ఇవతల కుర్ర డైరెక్టరు, సౌండు చూసుకునే పెద్దాయన. అవతల మైకు ముందు, పిల్లల బొమ్మల సీరియల్లో ఇరవై ఏళ్ళుగా కాకికి గొంతిస్తున్న ఆవిడ, అందరికీ కాకక్క. మధ్యలో ఒక మీట ఉంది. అది నొక్కి ఉంటే ఇవతలి మాట అవతలికి వినబడుతుంది, వదిలేస్తే వినబడదు. ఆ పూట పెద్దాయన కళ్ళజోడు తేలేదు.

“అదే కదా బాబాయ్ నేననేది! ఏ చానెల్ తిప్పినా కాకక్కే. కాకి కాకక్క, ఉడత వాళ్ళ అత్తగారు కాకక్క, ఆఖరికి మాట్లాడే కెటిలు కూడా కాకక్కే. జనం తిడుతున్నారు. మీకు ఇంకో మనిషి దొరకలేదా అంటున్నారు. చెవులు చిల్లులు పడి...”

“మెల్లిగా బాబూ.”

“మెల్లిగా దేనికి? ఆవిడ అద్దం అవతలుంది. వినబడదుగా.”

“వినబడుతోంది తమ్ముడూ.”

“బాబాయ్! మీట వదల్లేదా?”

“వదిలాననే అనుకున్నాను బాబూ. పొద్దున్న కళ్ళజోడు మీద కూర్చున్నాను. అప్పట్నించీ నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి.”

“కూర్చోడానికి నీకు అదే దొరికిందా?”

“అన్నయ్యనేం అనకు. నువ్వు చెప్పు తమ్ముడూ. చెవులు చిల్లులు పడి... ఆ తరవాత?”

“అక్కా, నేనన్నది నిన్ను కాదు.”

“కాకిని అన్నావు, ఉడత అత్తగార్ని అన్నావు, కెటిలుని అన్నావు. వాళ్ళ ముగ్గురి తరఫునా నేనే వింటున్నాను. గుమ్మం తలుపుని మర్చిపోయావు. కిందటేడు అదీ నేనే.”

“జనం అంటున్నారని చెప్తున్నానంతే.”

“జనం అంటే అన్నారు. ‘అక్కా, ఎలాగూ వచ్చావు కదా, ఆ తాబేలు ముక్క కూడా అనేసి వెళ్ళు’ అన్నది జనమా? ఒక సీనులో ముగ్గురు తగువాడుకుంటారు, ముగ్గురూ నేనే. ఇంటికెళ్ళేసరికి మా ఆయనతో తగువాడే ఓపిక కూడా మిగలదు. నా గొంతు వల్ల బాగుపడింది ఆయనొక్కడే.”

“కోపం తెచ్చుకోకక్కా. నేను బళ్ళో ఉన్నప్పట్నుంచీ నీ కాకి వింటూ పెరిగినవాణ్ణి.”

“అందుకేనా చిల్లులు పడింది? మొన్న గొంతు నొప్పని డాక్టరు దగ్గరికెళ్ళాను. అందర్నీ నోరు తెరిచి ‘ఆ’ అనమంటాడు. నన్ను ‘కావ్’ అనమన్నాడు. కరెంటు పోయిందని ఆఫీసుకి ఫోన్ చేస్తే, ‘ఏ చెట్టు మీదమ్మా’ అని అడిగాడొకడు.”

“హహ! అది బాగుంది.”

“మాకు రాత్రంతా కరెంటు రాలేదు.”

“సరే, సరే. ఇవన్నీ ఆలోచించే కదక్కా, ఇప్పుడు తీయబోయే పెద్ద బొమ్మల సినిమాకి పేర్లు వద్దన్నాను. అందరికీ ఒకటే కాగితం, ఒకటే సీను. ఎవరింట్లో వాళ్ళు చదివి పంపాలి, నంబరేసి. గొంతు నచ్చాకే మనిషెవరో ఆఫీసు చెప్తుంది. ఎవరి మొహమూ చూడను, ఎవరి మొహమాటమూ ఉండదు.”

“మంచి పద్ధతి.”

“మంచి పద్ధతి కాబట్టే తల్లి ఏనుగు దొరికింది!”

“దొరికిందా?”

“తొమ్మిదో నంబరు. అక్కా, ఏం చెప్పమంటావు! గున్న ఏట్లో కొట్టుకుపోయాక తల్లి ఒడ్డున నిలబడి పిలుస్తుంది చూడు, ‘రా నాన్నా, నీళ్ళు చల్లగా ఉన్నాయి, బయటికి రా’ అని. మామూలుగా పిలిచింది, అన్నానికి పిలిచినట్టు. ఆ తరవాత ఏడ్చింది. నేను లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.”

“నిజంగా?”

“బాబాయ్‌ని అడుగు.”

“కడుక్కున్నాడమ్మా. తుడుచుకున్న తువ్వాలు నాదే.”

“ఇంకోసారి చెప్పు తమ్ముడూ.”

“ఏది?”

“అదే, లేచి వెళ్ళి ఏదో చేశానన్నావే.”

“మొహం కడుక్కున్నాను. ఎందుకూ?”

“ఏం లేదు. వినడానికి బాగుంది. ఇంకెవరూ నచ్చలేదా?”

“చివరికి రెండు మిగిలాయి. నాలుగూ, తొమ్మిదీ. నాలుగో నంబరు అమ్మాయి తప్పుల్లేకుండా చదివింది గానీ, పాఠం అప్పజెప్పినట్టుంది. తొమ్మిది అలా కాదు. చివర్లో ఒక చప్పుడు పెట్టింది అక్కా, కిర్రుమని. ఎక్కడో ఎండిన కొమ్మ విరగబోతున్నట్టు. ఏడుపు ఆగాక ఆ ఒక్క చప్పుడు! ఎంత ఆలోచన ఉంటే పెడుతుంది? ఊరికే రావు ఇలాంటివి. చదువుకుని ఉండాలి.”

“ఎంత చదివిందంటావు?”

“నాటకాల బళ్ళో నాలుగేళ్ళయినా చదివుంటుంది.”

“వయసో?”

“ముప్ఫై లోపే. గొంతు ఎక్కడా అరగలేదు. నీలా... అంటే నీది అరిగిందని కాదు.”

“కాదులే. నేనూ పంపుదామనుకున్నాను.”

“దేనికి?”

“తల్లి ఏనుగుకి.”

“అక్కా!”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. నవ్వట్లేదక్కా, దగ్గొచ్చింది. నువ్వు ఏనుగేంటి? నువ్వు మైకు ముందు ‘రా నాన్నా’ అంటే హాల్లో పిల్లలంతా ఏటిని వదిలేసి చెట్టు మీదికి చూస్తారు. నీకేం తక్కువ? కాకి నీ సొత్తు. నీ తరవాత ఇంకెవరూ చెయ్యలేరు.”

“నేను కాకికి రాలేదు ఇక్కడికి. రాణి పాత్రకి వచ్చాను. ఆరోజు కాకి చెయ్యాల్సినావిడకి జలుబు చేసింది. ‘ఈ ఒక్కరోజూ అనేయమ్మా’ అన్నారు. అన్నాను. ఆవిడకి జలుబు తగ్గింది, నాకు కాకి తగ్గలేదు.”

“గొంతు కూడా రాసిపెట్టి ఉండాలక్కా. తొమ్మిదో నంబరులాంటి గొంతే నీకుంటే, ఇరవై ఏళ్ళు ఇక్కడ నిలబడి కావుకావుమంటావా చెప్పు?”

“అది మా బీరువా తలుపు.”

“ఏది?”

“నీ ఎండిన కొమ్మ.”

“ఏ కొమ్మ?”

“కిర్రుమంటే నువ్వు ఆలోచన అన్నావే, అది. బయటి చప్పుళ్ళు పడకూడదని దుప్పట్లు పెట్టే బీరువాలో దూరి, తలుపు దగ్గరికి లాక్కుని చదివాను. అయిపోయాక తలుపు తోసుకుని బయటికొచ్చాను. నూనె వేయించమని మా ఆయన్ని ఎప్పట్నుంచో పోరుతున్నాను.”

“జోకులెయ్యకక్కా.”

“తొమ్మిదో నంబరు నేనే తమ్ముడూ.”

“బాబాయ్, ఏంటిది? నీకు తెలుసా?”

“నాకేం తెలుసు బాబూ? నేనూ నీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాణ్ణే.”

“చెప్పకూడదనే అనుకున్నాను. సంతకాలయ్యేదాకా నోరు మూసుకోమని మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చిలక్కి చెప్తే వినేదేమో. నువ్వు మొహం కడుక్కున్నానంటుంటే ఆగలేకపోయాను.”

“మరి ఆ ఏడుపు? అది నీది కాదు. నీ ఏడుపు నాకు తెలుసు, ఎన్నిసార్లు రికార్డు చేశాం!”

“అవి కాకి ఏడుపులు. ఇది నాది. ఎప్పటిదో, మిగిలిపోయింది.”

“మిగిలిపోవడమేంటి?”

“మా అమ్మ పోయిన రోజుది. అప్పటికే సీరియల్ ఇంటింటా మోగిపోతోంది. ఇల్లంతా జనం. గుమ్మంలోంచి అమ్మని చూడగానే గొల్లుమన్నాను. అంతే, మా చెల్లెలి పిల్లలు కిసుక్కుమన్నారు. ‘ఒరే, కాకి ఏడుస్తోందిరా’ అని. పిల్లలంటే పిల్లలు. మా మేనమామ, అరవై దాటిన మనిషి, కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. ఎవరి తప్పూ కాదు, నవ్వు అలాంటిది. నేను ఆపేశాను. సాయంత్రందాకా అమ్మ పక్కన నోరు నొక్కుకుని కూర్చున్నాను. మా పెద్దొదిన తరవాత అంది, ‘ఎంత రాయి గుండె నీది’ అని.”

“అయ్యో, అక్కా...”

“మళ్ళీ ఎప్పుడూ పైకి ఏడవలేదు. మొన్న బీరువాలో ఏడ్చాను. ఒక్కసారి, ఒక్కరంటే ఒక్కరు, నా గొంతు విని నవ్వకుండా ఏడిస్తే చాలనుకున్నాను. ఏనుగైతేనేం, ఎలకైతేనేం. నువ్వు ఏడ్చావు తమ్ముడూ. నాకు ఈ పాత్ర కావాలి.”

“బాబాయ్, తొమ్మిదోది వెయ్యి. నేను మళ్ళీ వినాలి. మొదట్నుంచీ వద్దు, ఏడుపు ముక్క చాలు.”

“నాకూ వినబడేలా వెయ్యన్నయ్యా.”

“వేస్తానమ్మా. నాలుగూ తొమ్మిదీ... చీమల్లా ఉన్నాయి తల్లీ అంకెలు. రెండూ ఒక దానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.”

“త్వరగా బాబాయ్!”

“ఇదిగో, ఇదిగో. నొక్కాను.”

“ఊఁ.”

“ఏమైంది తమ్ముడూ?”

“ఆగక్కా, విననీ. ఇదిగో... బాబాయ్, విన్నావా? ‘నాన్నా’ అని సాగదీసిన చోట?”

“ఏముంది బాబూ?”

“కాకి! అచ్చంగా కాకి! మొన్న ఎలా పట్టుకోలేకపోయాను? మళ్ళీ చూడు, ఆ ఊపిరి తీసే దగ్గర... హహ... సారీ అక్కా, నిన్ను కాదు... రెక్కలు కూడా కనబడుతున్నాయి నాకు. ఏటి ఒడ్డున ఇంత ఏనుగు, దానికి రెక్కలు... ఆపు బాబాయ్, ఆపు, ఆపు!”

“చివరిదాకా విను తమ్ముడూ.”

“నా వల్ల కాదక్కా. బాబాయ్, నువ్వు కూడా నవ్వుతున్నావా?”

“నువ్వు అన్నాక నాకూ అలాగే వినబడింది బాబూ. క్షమించు తల్లీ, పాపిష్టి నవ్వు, ఆగట్లేదు.”

“పర్వాలేదన్నయ్యా.”

“అదేంటక్కా, నువ్వు కూడా నవ్వుతున్నావు!”

“మీరిద్దరూ నవ్వుతుంటే వచ్చింది. మా ఇంట్లో ఆరోజు కూడా ఇలాగే అంటుకుంది.”

“చూశావా, నీకే నవ్వొచ్చింది. ఏమనుకోకక్కా, ఉన్నమాట చెప్తాను. నువ్వని తెలియనప్పుడు బాగుంది. ఒప్పుకుంటాను. తెలిశాక చెవి ఒప్పుకోవట్లేదు. నాకే ఇలా ఉంటే జనం సంగతేంటి?”

“జనానికి చెప్పకు. పేరు వెయ్యకు. తొమ్మిదో నంబరు అనే వేసుకో.”

“నీ గొంతుకి పేరెందుకక్కా? నోరు తెరిస్తే పట్టేస్తారు.”

“నువ్వు పట్టలేదుగా.”

“మొన్న నాకు జలుబు చేసింది.”

“నా జాతకం ఎప్పుడు తిరిగినా ఎవరో ఒకరి జలుబు వల్లే తిరుగుతుంది.”

“అలా మాట్లాడకక్కా, బాధగా ఉంది. నీకు అన్యాయం చేస్తానా? ఆ సినిమాలో కూడా చెట్టు మీద ఒక కాకి ఉంది. గున్న కొట్టుకుపోతుంటే అరుస్తుంది. పెద్ద సీను. అది నీకే.”

“తల్లి ఏడుస్తుంటే నేను పక్కన కావుమనాలన్నమాట.”

“ముందు నువ్వే చూస్తావు, అందర్నీ పిలిచేది నువ్వే. కథకి ప్రాణం ఆ కాకి.”

“ప్రాణమే. మరి తల్లి?”

“బాబాయ్, ఆఫీసుకి ఫోన్ చేసి నాలుగో నంబరు ఎవరో కనుక్కో. రేపే రమ్మను. మొన్న ఏదో అన్నాను గానీ, ఇప్పుడనిపిస్తోంది, ఆ అమ్మాయే సరి. చల్లగా, శుభ్రంగా చదివింది. దీపం పెట్టి వెతికినా ఆ గొంతులో కాకి లేదు.”

“వెతికావా తమ్ముడూ?”

“ఎన్నిసార్లు విన్నాను! తల్లి గొంతంటే అలా ఉండాలి.”

“మళ్ళీ మాట మారిస్తే?”

“మార్చను. నా చెవి మీద ఒట్టు.”

“సరే, అంతకంటే ఏం కావాలి? అన్నయ్యా, ఎర్రలైటు వెయ్యి. కాకి సిద్ధం.”

“నువ్వు బంగారం అక్కా. ఇంకొకరైతే అలిగి వెళ్ళిపోయేవారు. నీకు కోపం లేదుగా?”

“లేదు. ఆ నాలుగో నంబరు పిల్ల రేపు వస్తే మాత్రం ఆమె ముందు నవ్వకండి, చిన్నపిల్ల, బెదిరిపోతుంది.”

“ఆమెని చూసి మేమెందుకు నవ్వుతాం?”

“ఏమో మరి. నా ఏడుపు మీరు మొన్న విన్నదే, ఇవాళ ఇంకా ఎవరూ వెయ్యలేదు. అన్నయ్యకి కళ్ళజోడు లేదుగా, ఇందాక మీరిద్దరూ పడీపడీ నవ్వింది నాలుగో నంబరు విని.”