ఫిరంగిగుండును ఆపిన పద్యం

జర్మనీతో యుద్ధం ముగిసి మూడేళ్ళయినా స్నెల్ దొర నోట్లో మాత్రం ఇంకా ముగియలేదు. లండన్‌లో రెండు నవలలూ ఒక యుద్ధకవితల పుస్తకమూ అచ్చేయించుకుని, గాలి మంచిదని కూంబ్ ఊళ్ళో కాపురం పెట్టాడాయన. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అమోస్ పబ్బులో కూర్చుని, అందరికీ తన ఖర్చుతో బీరు పోయిస్తాడు. తాగినవాళ్ళు ఆయన కోతలు వినక ఎక్కడికి పోతారు?

అక్కడ గ్లాసులు కడిగే హెట్టీకి ఆ కోతలు కొత్తకాదు. కానీ ఈ ఆదివారం ఆమె ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది. యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ కోసం చర్చి ముందు నిలబెట్టే రాతి మీద ఏడు పేర్లు చెక్కడం అయిపోయింది. అడుగున కాస్త చోటు మిగిలింది. అందులో స్నెల్ దొర పద్యమైనా పట్టాలి, హెట్టీ కొడుకు విల్ఫ్ పేరైనా పట్టాలి. విల్ఫ్ అక్కడ విషవాయువు పీల్చి, ఇంటికొచ్చి, యుద్ధమయ్యాక ఏడాదికి మంచం మీద పోయాడు. అది యుద్ధంలో పోయినట్టేనా అని పెద్దమనుషులకు సందేహం వచ్చింది. తేల్చాల్సింది ఈ పబ్బులో కూర్చున్నవాళ్ళే. రేపు పొద్దున్నే శిల్పి బార్నీ ఉలి పడతాడు.

"ఆ పద్యం ఎలా పుట్టిందో చెప్పానా?" అన్నాడు స్నెల్ దొర.

"చెప్పారు, మూడుసార్లు," అన్నాడు అమోస్.

"మూడుసార్లూ కుదించి చెప్పానయ్యా! వినండి. కందకంలో మోకాళ్ళలోతు బురద, నేను మొదటి పాదం రాసుకుంటూ కాస్త పైకి చదివా, అంతే, నా పక్క సిపాయికి జ్వరం దిగిపోయింది. చిన్న సంగతిలెండి, అది నేనెక్కడా చెప్పుకోను. రెండో పాదం చదివేసరికి, మనవాళ్ళ చొక్కాల్లో పేలుండేవి చూశారూ, అవి కుట్టడం మానేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చప్పట్లు కొట్టాయా?" అన్నాడు బార్నీ.

"వెక్కిరించకు! బుద్ధిగా కాలర్ల మీదికొచ్చి వరసగా కూర్చున్నాయి. మూడో పాదానికి ఫిరంగిగుండు వచ్చింది, సరిగ్గా మా నెత్తిమీదికే. నేను ఆపానా? కవి అన్నవాడు మధ్యలో ఆపడు. గుండే ఆగింది! గాల్లో నిలబడి నాలుగో పాదం కూడా విని, మెల్లగా గడ్డిలోకి దిగి పడుకుంది. అవతలి జర్మన్ జనరల్ తెల్లజెండా ఇచ్చి మనిషిని పంపాడు. లొంగిపోవడానికనుకున్నారా? ఇంకోసారి చదవమని బతిమాలడానికి!"

"చదివారా మరి?"

"గొంతు బొంగురుపోయింది, రేపు రమ్మన్నా. అందుకే ఆ రోజు రెండువైపులా యుద్ధం సెలవు."

పబ్బు పబ్బంతా ఘొల్లుమంది. బార్నీ కళ్ళు తుడుచుకుంటూ, "ఏమైనా రాతి మీద నాలుగు పాదాలుంటే నిండుగానే ఉంటుందిలే," అన్నాడు. హెట్టీకి ఒళ్ళు మండింది. ఇలా నవ్వుతూ నవ్వుతూనే తన కొడుకుని చెరిపేసేలా ఉన్నారు.

స్నెల్ దొరకి ఊపొచ్చింది. "నవల సంగతి వినలేదుగా! ఎనిమిది వందల పేజీలు, ఒక్క వారంలో! కాగితాలేవంటారా? ఇంటికి పంపుకోమని సైన్యం వాళ్ళు అచ్చు కార్డులిచ్చేవారు కదా, కార్డుకో అధ్యాయం, చీమ తలకాయంత అక్షరాలు! పద్యం కూడా ఆ కార్డు మీదే రాసి మా అమ్మకి పోస్టు చేశా."

యుద్ధానికి వెళ్ళొచ్చిన ముగ్గురు నవ్వడం మానేశారు. హెట్టీ తడిచేతులు గౌనుకి తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఆ కార్డు మీదేనా, దొరగారూ?"

"ఆ కార్డు మీదే, హెట్టీ."

"మా విల్ఫ్ పంపినవి నా దగ్గర పద్దెనిమిదున్నాయి. 'క్షేమంగా ఉన్నాను', 'ఆస్పత్రిలో ఉన్నాను' అని అన్నీ ముందే అచ్చేసి ఉంటాయి. అక్కర్లేనివి కొట్టేసి, కింద పేరూ తేదీ వెయ్యాలి, అంతే. ఇంకొక్క ముక్క రాసినా కార్డు చింపేస్తామని దాని మీదే ఉంటుంది. మావాడు ఒకసారి 'బెంగపెట్టుకోకమ్మా' అని రాశాడు. ఆ కార్డు రాలేదు. వాడు సెలవు మీద వచ్చి చెప్పేదాకా, నెలన్నర రోజులు, వాడు లేడనుకునే బతికాను నేను. మీ అమ్మగారికి మటుకు ఎనిమిది వందల పేజీలు చేరాయా?"

"అంటే... ఆఫీసర్లకి వేరే..."

"ఆ కార్డు ఏ రంగులో ఉండేదండీ?" అడిగాడు బార్నీ. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"తెలుపు," అన్నాడు స్నెల్ దొర.

ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీది అరలో ఆ గోధుమరంగు కార్డు ఒకటైనా ఉంది. అమోస్ దొరగారి గ్లాసు తీసేసి బల్ల తుడిచాడు. దొర టోపీ పెట్టుకుని, ఇంట్లో పనుందని ఎవరూ అడక్కుండానే చెప్పి వెళ్ళిపోయాడు.

బార్నీ జేబులోంచి పద్యం రాసిన కాగితం తీశాడు. దాన్ని వెనక్కి తిప్పి బల్ల మీద పరిచి, పెన్సిలు అందుకున్నాడు.

"విల్ఫ్ పూర్తి పేరు చెప్పమ్మా," అన్నాడు.